లేని మబ్బు

తిమి ఆకాశంలోకి వెళ్ళిన రెండో ఏడాది, వానాకాలం చివర్లో, చోడిపల్లి పోలేశ్వరి బంగాళాఖాతం మీద ఒక మబ్బు గీసింది. నిజానికి ఆ రోజు అక్కడ మబ్బు లేదు. ఎండ కాసి సముద్రం తేటగా ఉంది. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని, మౌస్‌తో గుండ్రంగా ఒక గీత గీసి, దాని లోపలి భాగానికి 'మబ్బు అడ్డం' అని గుర్తు తగిలించింది. పక్కన పెట్టుకున్న టీ చల్లారేలోపే ఆ పని అయిపోయింది.

తిమి ఒక ఉపగ్రహం. దానికి ముందు వచ్చినవన్నీ సముద్రం పైపొర ఎంత వెచ్చగా ఉందో చెప్పి ఊరుకునేవి. తిమి అలా కాదు. నీలమూ ఆకుపచ్చా కలిసిన వెలుగును నీళ్ళలోకి దింపేది. అది ఒక్కో లోతునుంచి తిరిగొచ్చే తీరును బట్టి, ఎంత లోతున ఎంత వేడి ఉందో పొరలు పొరలుగా చూపించేది. విశాఖపట్నంలోని ఒక పరిశోధన కేంద్రంలో ఆ వెలుగును బొమ్మలుగా మార్చే విభాగానికి పోలేశ్వరే పెద్ద. తయారైన బొమ్మలు రోజూ సాయంత్రం ఉమ్మడి ఖజానాలోకి వెళ్ళేవి. బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాల పరిశోధకులు కలిసి పెట్టుకున్న ఖజానా అది. వానల్ని అంచనా కట్టేవాళ్ళూ, తుఫానుల్ని చూసేవాళ్ళూ, పగడపు దిబ్బల మీద పని చేసేవాళ్ళూ, ఎవరికి కావలసింది వాళ్ళు అందులోంచి తీసుకునేవారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. షరతు ఒక్కటే, ఉన్నది ఉన్నట్టు పెట్టాలి. మబ్బు అడ్డమొచ్చి కనబడని చోట మాత్రం పాత సంవత్సరాల సగటు నింపి, అక్కడ మబ్బు ఉందని గుర్తు పెట్టాలి. ఆ షరతు రాసినవాళ్ళలో పోలేశ్వరి కూడా ఉంది.

ఆమెది భీమిలి దాటాక వచ్చే రెల్లుపాలెం. వాడబలిజల పల్లె. అన్న ఎల్లాజీకి సొంత బోటు ఉంది. తిమి చెప్పేది సరో కాదో తేల్చుకోవడానికి సముద్రంలోకి తాడు దింపి వేడి కొలవాల్సి వచ్చినప్పుడు, కేంద్రం వాళ్ళు పెద్ద ఓడ కోసం ఎదురుచూడకుండా ఆమె అన్న బోటునే మాట్లాడుకున్నారు. బెస్తపల్లెలో పుట్టినా పోలేశ్వరికి బోటెక్కితే కడుపులో తిప్పేది. ఎల్లాజీ నవ్వుతూ చెల్లెలి చేతికి నిమ్మకాయ ఇచ్చి, తాడు తనే దింపేవాడు. తాడుకి కట్టిన పరికరాలు చెప్పిన లెక్కా, తిమి చెప్పిన లెక్కా కలిసిన రోజున ఆమె ల్యాప్‌టాప్ తెరచి అన్నకి చూపించింది. నీలం రంగు మధ్యలో ఎర్రగా ఒక పెద్ద గుండ్రం. ఎల్లాజీ వంగి చూసి, ఇది అమ్మోరి సుడి కదా అన్నాడు. పైనించి చూస్తే అమ్మోరు ఇలాగుంటాదా అని చాలాసేపు చూశాడు.

అమ్మోరి సుడి అంటే ఆ పల్లె వాళ్ళకి అన్నం పళ్ళెం. వెచ్చటి నీళ్ళు మెల్లగా తిరుగుతూ, ఏటా అదే చోటికి వచ్చి నెలల తరబడి నిలబడతాయి. దాని అంచున సూర చేపలూ, కోనెం చేపలూ గుంపు కడతాయి. రెల్లుపాలెం బోట్లు తరతరాలుగా అక్కడికే వెళ్ళేవి. ఎక్కడుందో పైవాళ్ళకి చెప్పేవారు కాదు.

అటువంటి సుడే దక్షిణంగా ఇంకొకటి ఉండేది. ఎల్లాజీ భార్య నూకాలు పుట్టింటి వాళ్ళు దాని మీద బతికేవారు. తిమి బొమ్మలు ఖజానాలో చేరిన మొదటి ఏడాదే, ఆ బొమ్మలు తీసుకున్న పరిశోధకుల్లో ఎవరో ఒకరు వాటిని చేపల కంపెనీలకి అందించారు. ఎవరన్నది ఎప్పటికీ తేలలేదు. పెద్ద పెద్ద ట్రాలర్లు వచ్చి ఆ సుడి చుట్టూ వలలు తిప్పాయి. పిల్ల చేపల్ని కూడా మిగల్చలేదు. రెండు కాలాలు తిరిగేసరికి నూకాలు అన్నదమ్ములు బోట్లు అమ్ముకుని, దూరాన పడమటి తీరంలోని వీరావల్‌లో ఎవరి బోట్ల మీదో కూలికి వెళ్ళిపోయారు.

ఆ సంగతి చెబుతూ నూకాలు ఒక ఆదివారం వాకిట్లో చేప తోముతోంది. పోలేశ్వరి పక్కనే పీట మీద కూర్చుని ఉంది. కత్తి ఆపి, తల ఎత్తకుండానే నూకాలు అడిగింది.

"పోలమ్మా, మన సుడి కూడా ఆ బొమ్మల్లో పడతాదా?"

"లేదొదినా," అంది పోలేశ్వరి. "అక్కడెప్పుడూ మబ్బే."

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. వదిన మొహం చూసి నోటికొచ్చిన మాట అది. నూకాలు ఊపిరి పీల్చుకుని మళ్ళీ కత్తి అందుకుంది. సాయంత్రం బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ పోలేశ్వరి ఆ మాటనే తలచుకుంది. మర్నాడు ఆఫీసులో మబ్బు గీసి, ఆ మాటని నిజం చేసింది.

మొదటి వారం గీసిన గీతని రెండు మూడుసార్లు చెరిపి మళ్ళీ గీసేది. తర్వాత అలవాటైపోయింది. గుండ్రం రోజూ ఒకే ఆకారంలో ఉంటే అనుమానం వస్తుందని కాస్త అటూ ఇటూ జరిపేది. మధ్యమధ్య నిజంగానే మబ్బులు పట్టేవి కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. తన ఊరి కూడు తను కాపాడుకుంటోంది, ఇందులో ఎవరికి నష్టం అనుకునేది. అలా అనుకోవాల్సిన అవసరం ప్రతిరోజూ ఎందుకు వస్తోందని మాత్రం ఆలోచించలేదు.

ఖజానా వాడుకునేవాళ్ళలో ఆమెకి బాగా పరిచయమైన మనిషి కృత్తివాస పాణిగ్రాహి. బరంపురంలో ఉంటూ తుఫానుల బలం అంచనా కట్టేవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒరియా మాట్లాడుతూ పెరిగినవాడు. ఎవరైనా విశాఖ వస్తుంటే పోలేశ్వరికి అప్పడాల కట్ట పంపించేవాడు. తన లెక్కల్లో తన గొప్ప ఏమీ లేదనీ, తిమి కళ్ళు ఎంత మంచివైతే తన లెక్కలు అంత మంచివనీ సభల్లో చెప్పేవాడు. ఒకసారి ఫోనులో, మీ తీరానికి ఎదురుగా ఒకచోట మబ్బు ఎక్కువగా పడుతోందేమండీ అని అడిగాడు. అక్కడి గాలుల తీరు అంతేనని చెప్పింది. ఆయన నమ్మాడు. ఆమె మాటని అనుమానించాల్సిన అవసరం ఆయనకి అంతవరకూ రాలేదు.

మరుసటి ఏడాది కార్తీకంలో అండమాన్ దగ్గర అల్పపీడనం పుట్టి తుఫానైంది. పాణిగ్రాహి లెక్క ప్రకారం అది బాగా ఉత్తరంగా, చల్లటి నీళ్ళ మీదుగా వెళ్ళి ఒక మోస్తరు బలంతో బరంపురం పక్కనున్న గంజాం తీరం దాటాలి. దాటడానికి ముందు రోజు మధ్యాహ్నం పోలేశ్వరి భోజనానికి లేవబోతూ తెర మీద చూసింది. తుఫాను పడమటికి వంగింది. అది వంగిన దారిలో సరిగ్గా అమ్మోరి సుడి ఉంది.

ఆమెకి తెలుసు. తుఫాను వెళుతూ సముద్రాన్ని చిలుకుతుంది. మామూలు చోట కిందినించి చల్లటి నీళ్ళు పైకి వచ్చి దాని బలం తగ్గిస్తాయి. సుడి ఉన్నచోట ఎంత చిలికినా కిందినించి కూడా వేడి నీళ్ళే వస్తాయి. అంత లోతున వేడి ఉందని పాణిగ్రాహికి తెలియదు. ఆయన దగ్గరున్న బొమ్మలో అక్కడ మబ్బూ, దాని కింద పాత సంవత్సరాల సగటూ ఉన్నాయి.

ఆమె ఫోను చేసింది. తుఫాను బలం కాస్త పెంచి చెబితే మంచిదేమో అంది.

"ఎంత పెంచమంటారు?"

"బాగానే."

"ఆధారం ఏమైనా దొరికిందా?"

పోలేశ్వరి కిటికీ వైపు చూసింది. ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నోటిదాకా వచ్చింది. దాంతో పాటే డైరెక్టరూ, ఖజానా సభ్యులూ, వాకిట్లో చేప తోముతున్న నూకాలూ కళ్ళ ముందుకి వచ్చారు.

"ఆధారం అంటే... ఊరికే అనిపించింది," అంది.

పాణిగ్రాహి నొప్పించకుండా నవ్వాడు. "మనకి అనిపించిందని కలెక్టరు గారు జనాన్ని ఖాళీ చేయించరు కదండీ. బొమ్మ ఏం చెబితే అదే చెబుదాం."

సరేనని ఫోను పెట్టేసింది. తర్వాత ఆ రోజు బొమ్మ తెరిచి మబ్బు చెరిపెయ్యడానికి కూర్చుంది. రేపటినించి అందరూ ఈ సుడి ఇన్నాళ్ళూ ఏమైందని అడుగుతారు. తుఫాను మళ్ళీ పక్కకి వంగవచ్చు. ఒకసారి వంగింది కదా. ఇలా సాయంత్రం దాకా తనతో తను వాదించుకుని, చివరికి ఆ బొమ్మని మబ్బుతోనే ఖజానాలోకి పంపించి ఇంటికి వెళ్ళింది.

తెల్లవారేసరికి తుఫాను గంజాం తీరం మీద పడింది. సుడి దాటిన తర్వాత అది తుఫానులా లేదని, రాక్షసిలా ఉందని చూసినవాళ్ళు చెప్పారు. ఎక్కువగా నష్టపోయింది మొగలిగట్టు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పునీటి కయ్య, మధ్యలో సన్నటి ఇసుక గట్టు మీద ఉన్న పల్లె. ఒక మోస్తరు తుఫానే కాబట్టి కదలక్కర్లేదని అక్కడి వాళ్ళకి చెప్పారు. నీళ్ళు రెండు పక్కలనించీ కలిశాయి. అరవై మందికి పైగా పోయారు.

పాణిగ్రాహి టీవీలో కనిపించి, తన అంచనా తప్పింది, బాధ్యత తనదే అన్నాడు. ఆ మాట అనమని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఖజానా సభ్యులందరికీ, తన పద్ధతిలో ఎక్కడో తప్పుంది, అది దొరికేదాకా ఎవరూ దాన్ని వాడవద్దని కబురు పెట్టాడు. కొన్ని వారాల తర్వాత పోలేశ్వరికి ఫోను చేసి, మీకు ఆ రోజు ముందే తోచింది, నాకు తోచలేదు, వచ్చి నా లెక్కలు ఒకసారి చూసి పెడతారా అని అడిగాడు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, మర్యాదే ఉంది. పోలేశ్వరికి ఆ మర్యాద భరించడం కష్టమైంది.

ఆమె ఉదయం బండికి బరంపురం వెళ్ళింది. స్టేషనుకి వచ్చిన పాణిగ్రాహి చిక్కిపోయి, గడ్డం పెరిగి ఉన్నాడు. ఆఫీసుకి వెళ్ళేముందు మొగలిగట్టు చూపిస్తానన్నాడు. వారం వారం వెళుతున్నాడట. వెళ్ళి ఏం చేస్తారని అడిగితే, ఏమీ చెయ్యను, కూర్చుని వస్తాను అన్నాడు.

పల్లె ఉన్నచోట టార్పాలిన్ గుడిసెలు ఉన్నాయి. ఎర్రమ్మ అనే పెద్దావిడ వాటి ముందు కూర్చుని చిక్కుపడ్డ వల విప్పుతోంది. భర్తనీ, ఇద్దరు మనవల్నీ పోగొట్టుకున్న మనిషి. అక్కడి బెస్తవాళ్ళు ఎప్పుడో తెలుగు తీరంనించి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళే, ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. పోలేశ్వరిది వాడబలిజల ఇల్లని తెలిసి ఎర్రమ్మ ఇంటిపేరు అడిగింది. చోడిపల్లి వారంటే, మా అమ్మమ్మదీ చోడిపల్లి ఇల్లేనని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఏం పని చేస్తావని అడిగింది. పాణిగ్రాహి చెప్పాడు, ఉపగ్రహం బొమ్మలు తయారు చేస్తారని.

ఎర్రమ్మ వల ఒళ్ళో పెట్టుకుని ఆమె వైపు చూసింది.

"పైనించి పాకే సీమ కూడా కనపడతాదంటారు కదమ్మా. సముద్రం అలాగ కాగిపోతంటే కనపడలేదా మీకు?"

పాణిగ్రాహి ముందుకి వంగి, తప్పు ఈవిడది కాదమ్మా, లెక్క నాది, నాదే తప్పు అన్నాడు. ఆ మాట ఆయన అక్కడ ఇంతకు ముందు కూడా చాలాసార్లు అన్నాడని అర్థమవుతూనే ఉంది. ఎర్రమ్మ ఓదార్పుగా తల ఊపింది. పొరపాటు మనుషులకి కాక మానులకి వస్తాదా బాబూ అని, మళ్ళీ వల అందుకుంది.

తిరుగుదారిలో సరుగుడు తోట ఒకటి నేలమట్టమై ఉంది. పోలేశ్వరి కారు ఆపమంది. దిగి, రోడ్డు పక్కన నిలబడి, మొదటినించీ చెప్పింది. వదిన అడిగిన మాట, తను చెప్పిన అబద్ధం, మబ్బు, ఆ మధ్యాహ్నం ఫోను, సాయంత్రం పంపిన బొమ్మ. ఏదీ తగ్గించలేదు.

పాణిగ్రాహి పడిపోయిన సరుగుడు మాను మీద కూర్చున్నాడు. తిడతాడని ఆమె ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"ఆ ఒక్క చోటేనా?" అన్నాడు చివరికి.

"ఒక్క చోటే."

"నిజంగా?"

అప్పుడు తెలిసిందామెకి, ఇక మీదట తనేం చెప్పినా వెనకాల ఆ ప్రశ్న వస్తుందని. నిజంగానే అంది.

"మీరు ఫోను చేసింది మధ్యాహ్నం," అన్నాడు పాణిగ్రాహి. మాట మాటకీ మధ్య ఆగుతున్నాడు. "కలెక్టరు గారు బస్సులు తెప్పించి పెట్టుకున్నారు. నేను అక్కర్లేదన్నాక సాయంత్రం వెనక్కి పంపించేశారు. బస్సులు ఉన్నాయండీ."

ఆఫీసుకి వెళ్ళే మాట ఇక రాలేదు, కారు తిన్నగా స్టేషనుకి వెళ్ళింది. బండి కదిలే ముందు ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, ఇప్పుడేం చేస్తారని అడిగాడు. మబ్బు చెరిపి నిజం బొమ్మలు పెడతానంది. మరి మీ ఊరో అన్నాడు. జవాబు కోసం ఆగకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

విశాఖలో కేంద్రం డైరెక్టరు ఆమె చెప్పింది విన్నాక తలుపు వేసి వచ్చి, దీన్ని సాంకేతిక లోపం అని ప్రకటిద్దామన్నాడు. తిమి పేరు నిలబడాలన్నాడు, ఇతర దేశాలు ఏమనుకుంటాయన్నాడు. పోలేశ్వరి ఒప్పుకోలేదు. అయితే ప్రకటన ఇచ్చే ముందు ఒక్కరోజు గడువు అడిగి రెల్లుపాలెం వెళ్ళింది. తన నోటితో చెప్పకుండా అన్నకి ఆ సంగతి ఇంకెవరి నోటినించో తెలియకూడదనుకుంది.

ఎల్లాజీ ఒడ్డున బోటుకి రంగు వేస్తున్నాడు. నూకాలు అన్నం తెచ్చి అక్కడే ఉంది. ఇద్దరి ఎదుటా చెప్పింది. మొగలిగట్టు పేరు విన్నప్పుడు ఎల్లాజీ బ్రష్షు డబ్బాలో పెట్టేశాడు. ఆ పల్లె బోట్లు చేపల వెనక రెల్లుపాలెం దాకా వచ్చేవి. ఒకసారి ఇంజను చెడిపోయి సముద్రంలో ఆగిపోయిన ఎల్లాజీని ఒడ్డుకి లాక్కొచ్చింది వాళ్ళే.

"నన్నడిగి సేసినావా?" అన్నాడు.

లేదని తల ఊపింది.

"అయితే నాకోసం సేసినానని మాత్రం ఎవరి కాడా అనకు. ఆ పీనుగుల్లో నాకు వాటా ఎట్టకు."

నూకాలు ఏడుస్తోంది. కనపడతాదా అని అడిగాను గానీ దాచమని నేననలేదు కదా పోలమ్మా అంటోంది. అన్నానా, నేనలా అన్నానా అని భర్తనీ ఆడపడుచునీ మార్చి మార్చి అడుగుతోంది. అనలేదొదినా, నువ్వనలేదని పోలేశ్వరి ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి చాలలేదు.

ఉన్నదున్నట్టు ఎట్టేయ్ అన్నాడు ఎల్లాజీ. దాని వల్ల ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. ఆయన మళ్ళీ బ్రష్షు తీసి, రంగు పూర్తి చేశాడు.

మర్నాడు మబ్బు లేని బొమ్మలు, వెనకటివన్నీ కలిపి, ఖజానాలోకి వెళ్ళాయి. వాటితో పాటు, ఆ మబ్బు నేనే గీశాను అని పోలేశ్వరి తన పేరుతో రాసిన ప్రకటన వెళ్ళింది. చాలా చోట్ల చాలా మంది పని తలకిందులైంది. ఆ బొమ్మల మీద ఆధారపడి వరదల అంచనాలు కట్టిన చిట్టగాంగ్ పరిశోధకులు తమ లెక్కలన్నీ మళ్ళీ మొదటినించి చెయ్యాల్సి వచ్చింది. రెండు దేశాలు తమ ఉపగ్రహాల బొమ్మలు ఇవ్వడం మానేశాయి. ఖజానాయే మూసేద్దామన్న మాట వచ్చినప్పుడు, వద్దని గట్టిగా వాదించినవాడు పాణిగ్రాహి. ఒకరు దాచినందుకు మనం చచ్చాం, అందరం దాస్తే ఏమవుతుందో చూసుకోండి అన్నాడట. ఇక మీదట మబ్బు అని ఎవరు గుర్తు పెట్టినా వేరే దేశం మనిషి ఒకరు దాన్ని సరిచూడాలని కొత్త షరతు పెట్టారు. విచారణ కమిటీ పోలేశ్వరిని తిమి పని నుంచి తప్పించి, సముద్రంలో వదిలే కొలత పరికరాలు బాగుచేసే షెడ్డుకి మార్చింది. జైలు పడలేదు. ఇటువంటి నేరానికి ఏ సెక్షను పెట్టాలో వాళ్ళకి తేలలేదు. శిక్ష తక్కువైందని తోటివాళ్ళు వెనక అనుకోవడం ఆమె చెవిన పడింది. వాళ్ళ మాటే ఆమెకీ సబబనిపించింది.

ట్రాలర్లు అనుకున్నదానికంటే తొందరగా వచ్చాయి. ఒడ్డునించి చూస్తే సాయంత్రాలు సముద్రం మీద వాటి దీపాలు ఊరేగింపులా కనిపించేవి. రెల్లుపాలెం వాళ్ళు కలెక్టరు ఆఫీసు ముందు కూర్చున్నారు. ఆ చోటు మన హద్దుకి అవతల అని సమాధానం వచ్చింది. మరుసటి ఏడు ఎల్లాజీ సుడి అంచుకి వెళ్ళి ఖాళీ వలతో తిరిగొచ్చాడు. వరసగా కొన్నాళ్ళు అలాగే తిరిగొచ్చి, బోటు ఒడ్డుకి లాగించి, బావమరుదుల వెనక వీరావల్ బయలుదేరాడు. పోలేశ్వరి స్టేషనుకి వెళ్ళింది. ఆరోగ్యం చూసుకో, వదిన ఒక్కతే ఉంటాది అప్పుడప్పుడూ వెళ్ళి చూడు అని అన్న చెప్పాడు. సముద్రం సంగతీ చేపల సంగతీ ఎత్తలేదు. అప్పటినించి ఫోనులో కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ కార్తీకంలోనే మళ్ళీ తుఫాను వచ్చింది. ఇంచుమించు అదే దారి. పాణిగ్రాహి ఈసారి సుడి లోతుతో సహా లెక్క కట్టి, ఇది ఒక మోస్తరుది కాదు, తీరం చేరేసరికి రెట్టింపవుతుందని రెండు రోజుల ముందే చెప్పాడు. బస్సులు వచ్చాయి. మొగలిగట్టులో ఒక్కరిని కూడా ఉండనివ్వలేదు. రెల్లుపాలెం కూడా ఖాళీ చేయించారు. ఊరంతా హైస్కూలు గదుల్లో కూర్చుంది. పోలేశ్వరి వదిన పక్కన చాప మీద కూర్చుని గాలి హోరు వింటూ గడిపింది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఆమెని పలకరించినవాళ్ళు కొందరు, మొహం తిప్పుకున్నవాళ్ళు కొందరు. నూకాలు మాత్రం తెచ్చుకున్న అటుకులు రెండు వాటాలు చేసి ఒకటి ఆమె ముందు పెట్టింది.

తుఫాను వెళ్ళాక పాణిగ్రాహి దగ్గరనించి కబురొచ్చింది. గుడిసెలు పోయాయి, మనుషులు అందరూ ఉన్నారు. అంతే. అప్పడాల కట్టలు పంపే రోజుల్లో ఉండే మాటలేవీ అందులో లేవు. పోలేశ్వరి దాన్ని చదివి సంతోషపడాలని చూసింది. మనుషులు అందరూ ఉన్నారు అన్నచోటే చూపు ఆగిపోయింది. తను నిజం చెప్పి ఉంటే, అంతకు ముందు ఏడాది కూడా అందరూ ఉండేవారే.

ఆమె ఇంకొకరికి చెప్పాల్సి ఉంది. పత్రికల్లో ఆమె పేరు వచ్చింది గానీ, మొగలిగట్టులో పత్రికలు చదివేదెవరు? అక్కడ ఇప్పటికీ పాణిగ్రాహి తప్పే అనుకుంటున్నారు, ఆయన ఆ మాట సరిదిద్దలేదు. పోలేశ్వరి ఒక ఉదయం బయలుదేరి ఒక్కతే వెళ్ళింది. గట్టు మీద మళ్ళీ కొత్త టార్పాలిన్లు లేచాయి. ఎర్రమ్మ ఇసుకలో పాత వల పరిచి దాని మీద చేపలు ఎండబెడుతోంది. చోడిపల్లోరమ్మాయివి కదూ అని గుర్తుపట్టింది. కూర్చోమంది.

పోలేశ్వరి కూర్చోకుండానే చెప్పింది. ఉపగ్రహం, ఖజానా, సగటు, ఇవేవీ చెప్పలేదు. సముద్రం కాగుతున్నది నాకు కనపడిందమ్మా, మా వాళ్ళ చేపలు పోతాయని ఎవరికీ కనపడకుండా నేనే కప్పేశాను, పాణిగ్రాహి గారి తప్పు లేదు, నాదే అంది. ఇన్నాళ్ళూ రాలేకపోయానని కూడా అంది.

ఎర్రమ్మ చేతిలో ఉన్న చేపని వల మీద పరిచింది. దాని పక్కన ఇంకొకటి పరిచింది. చేతిలో ఉన్నవన్నీ అయ్యేదాకా అలాగే పరిచింది. తర్వాత చేతులు పమిటకి తుడుచుకుని లేచి నిలబడింది. మొహంలో కోపం కనబడలేదు. అలసట కనబడింది.

"ఇది నాకెందుకు సెప్పినావు?" అంది. "ఆ బాబు తప్పే అనుకుంటే నాకు కొంచెం నిబ్బరంగా ఉండేది. లెక్క తప్పింది, ఏం సేస్తాం అనుకునేదాన్ని. ఇప్పుడు నేనెలాగ పడుకోవాలి? నువ్వు మొయ్యలేక నా నెత్తిన ఎడదామని వచ్చినావా?"

పోలేశ్వరి చేతులు జోడించబోయింది. ఎర్రమ్మ ఆ చేతులు పట్టుకుని కిందికి దించేసింది.

"దండాలెట్టకు. నా మనవల్ని తేగలవా? తేలేవు కదా. ఎల్లు. బండి దాటిపోద్ది."

పోలేశ్వరి ఇసుకలో వెనక్కి నడిచింది. గట్టు చివర వంతెన దగ్గర ఒకసారి ఆగి చూసింది. ఎర్రమ్మ గంప ఎత్తి ఇంకో వరస చేపలు పరుస్తోంది. తల ఎత్తి ఇటు చూడలేదు. స్టేషనుకి వెళ్ళే ఆటోలో మొగలిగట్టు ఆడవాళ్ళు ఇద్దరు ఎక్కి, కొత్త మనిషని గుర్తుపట్టి, ఏ ఊరమ్మా, ఏం పని మీద వచ్చావని అడిగారు. ఆమె ఊరి పేరు చెప్పింది. ఏం పని మీద వచ్చిందో వాళ్ళకి చెప్పలేదు.